ఈటీఎఫ్ ధరకు లాకు ఎక్కడుంది?

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ రేట్లు పేపరు జిల్లా పేజీలో ఓ మూల వస్తుంటాయి. కొత్త కొబ్బరి క్వింటాలు ఇంత, కురిడీ గండేరా వెయ్యి ఇంత, గటగట వెయ్యి ఇంత, నీటికాయ వెయ్యి ఇంత. ఆ వరుసల మధ్య చుట్టరికం ఏమిటో కోనసీమ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీటికాయను అటక మీద నెలల తరబడి పడేస్తే లోపల నీరు ఇంకి కురిడీ అవుతుంది. కురిడీ రేటు బాగా లేచిందంటే నీటికాయ ఉన్నవాడు అమ్మకుండా అటక ఎక్కించాలని చూస్తాడు. దాంతో నీటికాయ రేటు కూడా కదులుతుంది. ఒకటి రెండోదిగా మారే దారి ఉన్నంతకాలం ఆ రెండు రేట్లూ ఒకదాన్నొకటి విడిచి మరీ దూరం పోలేవు.

షేర్లో బంగారమో బాండ్లో కొని పెట్టుకుని, అందులో వాటాలను యూనిట్లుగా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నడిపే ఫండ్‌ని ఎక్స్ఛేంజ్ ట్రేడెడ్ ఫండ్, వాడుకలో ఈటీఎఫ్ అంటారు. దాని ధర కూడా ఇలాంటి చుట్టరికం మీదే నడుస్తుంది. అక్కడా రెండు రేట్లు ఉంటాయి. ఫండ్ దగ్గరున్న షేర్లో బంగారమో బాండ్లో అన్నీ లెక్కగట్టి, ఖర్చులు తీసేసి, యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ వెనకున్న సరుకు విలువ. ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసి తేల్చేది మార్కెట్ ధర. జేబులోంచి పోయేది మార్కెట్ ధర ప్రకారం, చేతికొచ్చే సరుకు ఎన్‌ఏవీ ప్రకారం. పెద్ద ఈటీఎఫ్‌లలో ఈ రెంటి మధ్య తేడా మామూలు రోజుల్లో పైసల్లోనే ఉంటుంది. కొన్నిటిలో మాత్రం పది శాతం దాటిన సందర్భాలున్నాయి. "షేరులాగే గిరాకీని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది" అనే జవాబుతో ఈ తేడా ఎందుకొస్తుందో తేలదు.

ముందుగా ఒక అపోహ పక్కన పెట్టాలి. యూనిట్ 25 రూపాయలున్న ఈటీఎఫ్ చవక, 280 ఉన్నది ఖరీదు అనుకునేవాళ్లు చాలామంది. భీమవరం చెరువు గట్టు మీద రొయ్య ధర అడిగితే "ఎంత కౌంటు?" అనే ఎదురు ప్రశ్న వస్తుంది. కిలోకి 30 తూగే రొయ్యకు ఒక రేటు, 100 తూగేదానికి ఒక రేటు. కౌంటు చెప్పకుండా రేటు చెబితే అర్థం లేదు. ఈటీఎఫ్ యూనిట్ కూడా అంతే. ఒకే నిఫ్టీ 50 సూచీని ఒక ఫండ్ హౌస్ వందో వంతుగా కోసి అమ్మొచ్చు, ఇంకొకటి వెయ్యో వంతుగా కోయొచ్చు. దేశంలో మొదటి ఈటీఎఫ్ నిఫ్టీ బీస్, 2002 జనవరిలో ఎన్‌ఎస్‌ఈలో లిస్టయింది. మొదట్లో దాని యూనిట్ సూచీలో దాదాపు పదో వంతు ఉండేది. 2019 చివర్లో యూనిట్లను విడగొట్టాక వందో వంతుకు వచ్చింది. యూనిట్ల సంఖ్య పెరిగింది, ఒక్కోదాని రేటు తగ్గింది. ఎవరి సొమ్మూ పెరగలేదు, తరగలేదు.

బుట్టలో ఏముందో దాని రేటే

ఈటీఎఫ్ ధరలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు బుట్టలోని సరుకే తేలుస్తుంది. నిఫ్టీ ఈటీఎఫ్ అయితే 50 కంపెనీల షేర్లు, అదీ సమానంగా కాదు. మార్కెట్లో చేతులు మారడానికి వీలున్న షేర్ల విలువను బట్టి ఒక్కో కంపెనీకి వాటా ఉంటుంది. అందుకే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, ఐసీఐసీఐ బ్యాంకు, రిలయన్స్ లాంటి రెండు మూడు పెద్ద షేర్లు పడితే, కింద ఉన్న ఇరవై షేర్లు లేచినా యూనిట్ ధర ఎర్రగానే కనిపించవచ్చు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. ఆ రోజు నిఫ్టీ ఈటీఎఫ్‌లు పడ్డాయంటే యూనిట్లు అమ్మేవాళ్లు ఎక్కువయ్యారని కాదు. ఆ పూట ఈటీఎఫ్‌ను ఒక్కరూ అమ్మకపోయినా దాని ధర పడేదే.

బంగారం ఈటీఎఫ్ దగ్గర లెక్క ఇంకాస్త రసవత్తరంగా ఉంటుంది. గోదావరి జిల్లాల్లో బంగారాన్ని ఇప్పటికీ కాసుల్లో లెక్కగట్టే ఇళ్లే ఎక్కువ. పెళ్లి మాటల్లో గ్రాములు వినపడవు. అలాంటి ఇంట్లో ఒకరు ఫోన్‌లో గోల్డ్ ఈటీఎఫ్ కొంటే మొదట వచ్చే అనుమానం: "షాపులో రేటుకీ దీనికీ పొంతన లేదేంటి?" షాపువాడు చెప్పేది సాధారణంగా 916 బంగారం, అంటే 22 క్యారెట్లు. దాని మీద తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కలుస్తాయి. ఈటీఎఫ్ వెనక ఖజానాలో ఉండేది 995 స్వచ్ఛత కడ్డీ. తరుగు లేదు, మజూరీ లేదు. రెండూ బంగారమే అయినా కొలబద్దలు వేరు.

ఆ కడ్డీ రేటును మూడు తాళ్లు లాగుతాయి. ఒకటి అంతర్జాతీయ ధర, ఔన్సుకి ఇన్ని డాలర్లని. రెండోది రూపాయి. బయట బంగారం కదలకపోయినా డాలరు బలపడితే ఇక్కడ యూనిట్ లేస్తుంది. మూడోది దిగుమతి సుంకం, దీన్నే చాలామంది మరిచిపోతారు. 2024 జులై 23 బడ్జెట్‌లో బంగారం మీద సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. ప్రపంచంలో బంగారానికి ఆ రోజు కొత్తగా ఏమీ కాలేదు. అయినా మన గోల్డ్ ఈటీఎఫ్‌లు ఆ మధ్యాహ్నమే జారాయి, ఎందుకంటే ఖజానాలో ఉన్న ప్రతి గ్రాము రేటులో పాత సుంకం కలిసే ఉంది. పెళ్లికి నగలు కొనాల్సినవాళ్లు ఆ రోజు సంబరపడ్డారు, ఈటీఎఫ్ పట్టుకున్నవాళ్లు తలపట్టుకున్నారు. కొన్ని ఇళ్లలో ఈ ఇద్దరూ ఒకరే.

ఇంతవరకూ చెప్పింది బుట్ట విలువ గురించి. యూనిట్ ధర ఆ విలువకు ఎందుకు అతుక్కుని ఉండాలి? ఎవరు అతికిస్తున్నారు?

లాకు పని

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించిన ఆనకట్ట నుంచి తీసిన కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో ఆగలేదు, పడవలూ నడిపాయి. నదిలో నీటిమట్టం ఒకటి, కాలువలో ఇంకొకటి. పడవ ఎక్కడానికీ దిగడానికీ లాకులు కట్టారు. పడవను లాకులోకి తెచ్చి వెనక తలుపు మూస్తారు. ముందు తలుపు తూములు ఎత్తితే నీరు పారి రెండు మట్టాలూ ఒకటవుతాయి. అప్పుడు తలుపు తీస్తే పడవ మామూలుగా సాగిపోతుంది. మట్టాలను ఎవరూ చేత్తో సమానం చేయరు. నీరు పారే దారి ఉంటే చాలు.

ఈటీఎఫ్‌లో ఆ దారి పేరు యూనిట్ల సృష్టి, రద్దు. ఎక్స్ఛేంజ్‌లో కొనే రేటూ అమ్మే రేటూ చూపిస్తూ ఉండటానికి ఫండ్ హౌస్ నియమించిన వ్యాపార సంస్థలు మార్కెట్ మేకర్లు. ముఖ్యంగా వాళ్లకు ఉన్న వెసులుబాటు ఇది: బుట్టలో ఉండాల్సిన షేర్లను అదే పాళ్లలో తెచ్చి ఫండ్‌కి ఇస్తే ఎన్‌ఏవీ లెక్కన కొత్త యూనిట్లు ఇస్తారు. యూనిట్లు తెచ్చిస్తే షేర్లు ఇస్తారు. ఒకటీ అరా కాదు, పెద్ద లాట్లుగానే.

లెక్క వేసి చూద్దాం. బుట్ట విలువ యూనిట్‌కి 270 రూపాయలు ఉంది. ఏదో వార్త చూసి జనం ఎగబడటంతో ఎక్స్ఛేంజ్‌లో యూనిట్ 271.50కి పోయింది. మార్కెట్ మేకర్ ఆ రేటుకు యూనిట్లు అమ్ముతూ, అదే క్షణంలో 270కి సరిపడా ఆ 50 కంపెనీల షేర్లు కొంటాడు. ఆ షేర్లు ఫండ్‌కి ఇచ్చి యూనిట్లు తెచ్చుకుని, అమ్మినవాళ్లకు అప్పగిస్తాడు. మధ్యలో మిగిలిన రూపాయిన్నరలో ఖర్చులు పోగా మిగిలింది లాభం. అతను అమ్మేకొద్దీ యూనిట్ ధర కిందికి, షేర్లు కొనేకొద్దీ బుట్ట విలువ పైకి. రెండు మట్టాలూ కలిసేదాకా పారుతూనే ఉంటుంది. ధర 268.50కి పడితే ఇదంతా తిరగేసి జరుగుతుంది. చవగ్గా యూనిట్లు కొని, ఫండ్‌కి తిరిగిచ్చి, షేర్లు తీసుకుని అమ్ముతాడు.

ఇందులో దేశసేవ ఏమీ లేదు, లాభం కోసమే. కాబట్టి లాభం కనిపించని చోట అతను కదలడు. అంబాజీపేట నుంచి ఉత్తరాదికి కొబ్బరి లారీ వెళ్లాలంటే అక్కడి రేటుకీ ఇక్కడి రేటుకీ తేడా కిరాయినీ కూలినీ దాటాలి. దాటకపోతే తేడా అలాగే ఉండిపోతుంది, ఎవరూ లారీ కట్టరు. ఈటీఎఫ్‌కీ అలాంటి కిరాయి ఉంది: బ్రోకరేజీ, పన్నులు, స్టాంపు డ్యూటీ, షేర్లు కొనేటప్పుడు వచ్చే రేటు తేడా, డబ్బు ఇరుక్కున్నందుకు వడ్డీ. నిఫ్టీ 50 లాంటి చోట ఈ కిరాయి బాగా తక్కువ, అందుకే అక్కడ తేడా పైసల్లో నిలుస్తుంది. చిన్న కంపెనీల సూచీ అయితే ఆ షేర్లు కొనడమే ఖర్చు, కాబట్టి ఈటీఎఫ్ ధర కూడా బుట్ట నుంచి కాస్త ఎడంగా తిరుగుతుంది.

మామూలు మదుపరి ఈ దారిలోకి అడుగుపెట్టలేడు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఈటీఎఫ్‌కి కనీసం ఇద్దరు మార్కెట్ మేకర్లు ఉండాలి. మిగతావాళ్లలో 25 కోట్ల రూపాయలు దాటిన లావాదేవీ చేసేవాళ్లకే ఫండ్ హౌస్‌తో నేరుగా బేరం. తణుకు నుంచి లక్ష రూపాయల యూనిట్లు అమ్మాలనుకునేవాడు ఎక్స్ఛేంజ్‌లో ఇంకొకరికి అమ్ముకోవాల్సిందే. ఒక చిన్న దొడ్డిదారి మాత్రం ఉంచారు. యూనిట్ ధర వరుసగా 7 ట్రేడింగ్ రోజులు ఎన్‌ఏవీ కంటే 1 శాతానికి మించి తక్కువగా ఉన్నా, 3 రోజులు వరుసగా ఎక్స్ఛేంజ్‌లో రేట్లే కనిపించకపోయినా, చిన్న మదుపరి కూడా ఫండ్ హౌస్‌కే యూనిట్లు తిరిగి ఇచ్చేయొచ్చు. ఇది డిస్కౌంట్‌కి, అంటే ధర ఎన్‌ఏవీ కంటే దిగువన ఉండటానికి, మాత్రమే విరుగుడు. ప్రీమియం, అంటే ఎన్‌ఏవీ కంటే ఎక్కువ, పెట్టి కొన్నవాడికి ఇలాంటి దారి ఏదీ లేదు. నిబంధనలు చదివేవాళ్లు ఈ ఒంటి కాలి నడకను ఎందుకో పెద్దగా పట్టించుకోరు.

తలుపు మూసుకుంటే

పై కథంతా తలుపు తెరిచి ఉందన్న నమ్మకం మీద నడిచింది. అది మూసుకుంటే ఈటీఎఫ్ అచ్చంగా షేరు అయిపోతుంది. ఉన్న యూనిట్లే ఉంటాయి, కొత్తవి పుట్టవు, కావాలనుకునేవాళ్లు ఎక్కువైతే రేటు పెరుగుతూనే పోతుంది. గిరాకీ సిద్ధాంతం నిజమయ్యేది ఈ పరిస్థితిలోనే.

మన దేశంలో దీనికి కళ్లెదుట ఉన్న ఉదాహరణ అమెరికా, హాంకాంగ్ షేర్ల మీద ఆధారపడ్డ ఈటీఎఫ్‌లు. విదేశీ షేర్లలో మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి పెట్టగలిగే సొమ్ముకు 700 కోట్ల డాలర్ల హద్దు ఉంది. విదేశీ ఈటీఎఫ్‌లలో పెట్టడానికి విడిగా ఇంకో 100 కోట్లు. 2022 ఆరంభంలో మొదటి హద్దు దగ్గరపడటంతో కొత్త పెట్టుబడులు ఆపమని సెబీ చెప్పింది. తర్వాత అమ్మకాల వల్ల ఖాళీ అయిన మేరకు మళ్లీ పెట్టుకోనిచ్చారు. 2024 ఏప్రిల్ నాటికి రెండో హద్దు దగ్గరా అదే బ్రేకు పడింది. ఫండ్ హౌస్ కొత్తగా విదేశీ షేర్లు కొనలేనప్పుడు కొత్త యూనిట్లు ఎలా ఇస్తుంది? మార్కెట్ మేకర్ ప్రీమియం చూసి ఎంత ఉవ్విళ్లూరినా చేసేదేమీ లేదు.

నాస్‌డాక్ 100 లాంటి సూచీలను అనుసరించే ఈటీఎఫ్‌లు బుట్ట విలువ కంటే 10 శాతానికి పైగా ఎక్కువకు అమ్ముడుపోయిన రోజులు అందుకే వచ్చాయి. కృత్రిమ మేధ కంపెనీల మోజు బాగా ఉన్నప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. కొన్నవాళ్లలో చాలామందికి తాము 100 రూపాయల సరుకుకు 115 ఇస్తున్నామని తెలియదు. బుట్ట విలువ 100, ధర 115 అనుకుంటే, ఏడాదిలో అమెరికా షేర్లు 10 శాతం పెరిగి, ఈలోగా హద్దు సడలి తలుపు తెరుచుకుందనుకుందాం. బుట్ట 110 అవుతుంది, ధర కూడా 110కే దిగుతుంది. సూచీ 10 శాతం లాభం చూపిస్తుంటే మదుపరి ఖాతాలో 4 శాతానికి పైగా నష్టం. అమెరికాలో తప్పు జరగలేదు, ఫండ్ మేనేజరు తప్పూ లేదు.

దీనికి ఎదురువాదన ఒకటుంది. "ప్రీమియంతో కొన్నాను, ప్రీమియంతోనే అమ్ముకుంటాను, నాకేంటి?" అని. తలుపు మూసి ఉన్నన్నాళ్లూ ఆ మాట చెల్లుతుంది. కానీ అలా కొన్నవాడు రెండు బేరాలు కలిపి ఆడుతున్నాడు: అమెరికా కంపెనీలు బాగుంటాయని ఒకటి, నియంత్రణ సంస్థలు హద్దు పెంచవని ఇంకొకటి. మొదటిదాని మీద చదువుకోవడానికి బోలెడంత సమాచారం ఉంది. రెండోదాని మీద ఎవరి దగ్గరా ఏమీ లేదు.

వెండి దగ్గర తలుపు ఇంకోలా మూసుకుంది. సిల్వర్ ఈటీఎఫ్‌లు మన దగ్గర 2022లో మొదలయ్యాయి. 2025 అక్టోబరులో, ధనత్రయోదశి ముందు, దేశంలో కడ్డీ వెండికే కొరత వచ్చింది. లండన్‌లోనూ అదే కటకట. ఇక్కడ నిబంధన ఏదీ అడ్డు కాదు, కొత్త యూనిట్లు పుట్టించడానికి కావాల్సిన సరుకే సమయానికి దొరకలేదు. దొరికిన వెండి అంతర్జాతీయ ధర కంటే బాగా ఎక్కువ పలికింది. ఈటీఎఫ్‌లు లెక్కగట్టిన విలువ కంటే చాలా పైన నడిచాయి. సిల్వర్ ఈటీఎఫ్‌లలో పెట్టే ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లోకి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడాన్ని కొన్ని ఫండ్ హౌస్‌లు తాత్కాలికంగా ఆపేశాయి. డబ్బు వద్దని చెప్పే వ్యాపారం అరుదు కాబట్టి ఆ నిర్ణయాన్ని మెచ్చుకోవాలి. ఆ ప్రీమియం విదేశీ ఈటీఎఫ్‌లదిలా ఏళ్ల తరబడి ఉండలేదు. సరుకు వస్తే దిగిపోయే రకం అది. అంటే ప్రీమియం ఎంత అన్నదాని కంటే తలుపును మూసిందేమిటి, అది ఎన్నాళ్లకు తెరుచుకుంటుంది అన్నది ముఖ్యం.

భద్రాచలం కొలత

తేడా కనిపించిన ప్రతిసారీ యూనిట్ ధరే తప్పు, ఎన్‌ఏవీ ఒప్పు అనుకోవడం కూడా పొరపాటే.

వరదల కాలంలో లంక గ్రామాలవాళ్లు తమ రేవులో నీటిమట్టం కంటే ముందు భద్రాచలం మట్టం అడుగుతారు. అక్కడ 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం దాటి లంకలకు చేరడానికి చాలా గంటలు పడుతుంది. ఇంటి ముందు నేల ఇంకా పొడిగా ఉండగానే గొడ్లను గట్టు ఎక్కించడం మొదలవుతుంది. రేవులో కొలత తప్పేమీ కాదు, కాకపోతే పాతది. నిన్నటి నది అది.

నాస్‌డాక్ ఈటీఎఫ్ మన దగ్గర పగలు ట్రేడవుతుంది. అప్పుడు అమెరికా నిద్రపోతుంటుంది. అక్కడి మార్కెట్ తెరిచేది మన సాయంత్రం 7 గంటలకు, చలికాలంలో 8కి. ఫండ్ చూపించే విలువ రాత్రి ముగిసిన ధరలది. తెల్లారాక ఏదైనా పెద్ద వార్త వస్తే ఎన్‌ఏవీ కదలదు, యూనిట్ ధర కదులుతుంది. అప్పుడు కనిపించే తేడాలో కొంత నిజమైన ప్రీమియం, కొంత ముందుచూపు. ఏది ఎంతో విడదీయడం కష్టం.

బాండ్ ఈటీఎఫ్‌ల దగ్గర ఇది ఇంకా పదునుగా కనిపిస్తుంది. 2020 మార్చిలో కరోనా భయంతో అమెరికాలో పెద్ద కార్పొరేట్ బాండ్ ఈటీఎఫ్‌లు ఎన్‌ఏవీకి 5 శాతం దాకా దిగువన అమ్ముడుపోయాయి. ఈటీఎఫ్‌లు విరిగిపోయాయని అప్పట్లో గగ్గోలు పుట్టింది. అసలు సంగతేమిటంటే ఆ బాండ్లు చాలావరకు ఈటీఎఫ్‌లంత తరచుగా చేతులు మారడం లేదు. ఎన్‌ఏవీలో వాడిన రేట్లలో చాలావరకు పాతవో, అంచనాలో. నిజంగా డబ్బు ఎక్కువగా చేతులు మారిన చోటు ఈటీఎఫే, కాబట్టి దాని ధరే ఆ రోజుకు నిజానికి దగ్గర. మార్చి 23న కార్పొరేట్ బాండ్లు తామే కొంటామని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ప్రకటించాక ఆ డిస్కౌంట్లు తగ్గిపోయాయి. మన దగ్గర కూడా కార్పొరేట్ బాండ్లు పల్చగానే ట్రేడవుతాయి. డెట్ ఈటీఎఫ్‌లో చిన్న డిస్కౌంట్ కనబడగానే లాటరీ తగిలిందనుకోకుండా ఈ కోణంలోనూ చూడాలి.

దేశీయ షేర్ల ఈటీఎఫ్‌లకు ఈ చిక్కు లేదు. బుట్టా యూనిట్లూ ఒకే వేళల్లో ట్రేడవుతాయి. పైగా ఐఎన్‌ఏవీ అనే అంకె ఉంది. ఇది రోజు మధ్యలో బుట్ట విలువ ఎంతో చెబుతుంది, షేర్ల ఈటీఎఫ్‌లకు గరిష్ఠంగా 15 సెకన్ల ఆలస్యంతో. ఫండ్ హౌస్ సైట్లలో, ఎక్స్ఛేంజ్‌లలో కనిపిస్తుంది. చాలా యాప్‌లు దీన్ని కొనే బటన్ పక్కన చూపించవు. అక్కడే ఉంటే ప్రీమియం కథల్లో సగం జరిగేవి కావు.

పల్చటి మార్కెట్, గట్టు మీది బేరం

రొయ్యల చెరువులో వైట్ స్పాట్ జబ్బు వచ్చిందంటే రైతు అర్ధంతరంగా పట్టుబడి పట్టేస్తాడు. గట్టు మీదికి వచ్చిన వ్యాపారికి ఆ సంగతి తెలుసు, రేటు అతను చెప్పిందే. రొయ్య విలువ ఒక్కరోజులో అంత మారలేదు. అమ్మాల్సిన తొందర ఒకవైపు, కొనేవాడు ఒక్కడే ఉండటం ఇంకోవైపు, అదీ తేడా.

పెద్దగా ట్రేడ్ కాని ఈటీఎఫ్‌లో "మార్కెట్ ధరకు అమ్ము" అని ఆర్డరు పెట్టడం ఇలాంటిదే. నిఫ్టీ 50లో ప్రసిద్ధి చెందిన ఈటీఎఫ్‌లకు కొనే రేటు, అమ్మే రేటు మధ్య తేడా ఒకటి రెండు పైసలు. ఏదో ఒక రంగం సూచీ మీద కొత్తగా వచ్చిన ఈటీఎఫ్‌లో అదే తేడా అర శాతమో ఒక శాతమో ఉండొచ్చు. వరుసలో మొదట ఉన్న నాలుగు వందల యూనిట్లు ఒక రేటుకు పోతే, తర్వాతివి ఇంకా కింది రేటుకు పోతాయి. ఇంతకంటే తక్కువకు అమ్మొద్దని రేటు కట్టి లిమిట్ ఆర్డరు పెడితే ఈ గొడవ ఉండదు. యూనిట్లు రోజుకు తక్కువ చేతులు మారితే ఆ ఈటీఎఫ్ పనికిరాదని అనేస్తుంటారు. సిద్ధాంతం ప్రకారం అది నిజం కాదు. బుట్టలోని షేర్లు దండిగా ట్రేడయితే మార్కెట్ మేకర్ ఎప్పుడైనా కొత్త యూనిట్లు తేగలడు. ఆచరణలో మన మార్కెట్ మేకర్లు అన్నిచోట్లా అంత చురుగ్గా లేరు కాబట్టి, చిన్న మదుపరికి ట్రేడింగ్ బాగా ఉన్న ఈటీఎఫే మేలు.

మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాలు అన్నిటికంటే జారుడు. 2015 ఆగస్టు 24న అమెరికాలో మార్కెట్ తెరవగానే షేర్లు కుప్పకూలాయి. చాలా షేర్లలో ట్రేడింగ్ ఇంకా మొదలే కాలేదు. బుట్ట విలువ ఎంతో తెలియక మార్కెట్ మేకర్లు పక్కకు తప్పుకున్నారు. ఆ ఒక్క పూటే వెయ్యికి పైగా సార్లు ట్రేడింగ్ ఆపాల్సి వచ్చింది, అందులో ఎక్కువ ఈటీఎఫ్‌లవే. కొన్ని ఈటీఎఫ్‌లు తమ బుట్ట కంటే బాగా దిగువకు పడిపోయి, గంటలోపే లేచాయి. నష్టపోయింది ఆ కాసేపట్లో ఏ రేటుకైనా సరేనని అమ్మినవాళ్లు. ధర ఇంతకు పడితే అమ్మేయమని ముందే పెట్టి వదిలేసిన స్టాప్ లాస్ ఆర్డర్లు కూడా అందులో ఉన్నాయి.

శివారుకు చేరే నీరు

ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరంతా శివారు భూములకు చేరదు. దారిలో ఇంకుతుంది, ఆవిరవుతుంది. ఈటీఎఫ్‌లోనూ సూచీ ఇచ్చిన రాబడి అంతా యూనిట్‌కి రాదు. ఫండ్ ఖర్చు రోజూ కొద్దికొద్దిగా ఎన్‌ఏవీలోంచి పోతుంది. డివిడెండ్లు వచ్చాక తిరిగి పెట్టేదాకా కాస్త నగదు ఊరికే ఉంటుంది. మార్చి, సెప్టెంబరు నెలాఖర్లలో నిఫ్టీలో కంపెనీలు మారినప్పుడు అమ్మి కొనే ఖర్చు ఉంటుంది. వీటన్నిటి వల్ల సూచీకీ ఫండ్‌కీ వచ్చే తేడాను ట్రాకింగ్ డిఫరెన్స్ అంటారు. పెద్ద ఈటీఎఫ్‌లలో ఇది స్వల్పమే. అయితే పదేళ్లు పట్టుకునేవాడికి రోజువారీ ప్రీమియం కంటే ఇదే పెద్ద లెక్క. ఇక్కడ ఒక తమాషా ఉంది. నిఫ్టీ బీస్ ధర సూచీలో వందో వంతు కంటే కాస్త పైనే కనిపిస్తుంది. అది ప్రీమియం కాదు. టీవీలో కనిపించే నిఫ్టీ అంకెలో డివిడెండ్లు కలవవు, ఫండ్‌లో అవి పోగవుతూ వచ్చాయి. బుట్ట విలువ చూడకుండా సూచీ అంకెతో పోల్చేవాళ్లు ఇక్కడ పప్పులో కాలేస్తారు.

ఈటీఎఫ్‌లోకి వచ్చే డబ్బు ధరను పెంచదా అంటే, పెంచుతుంది, యూనిట్ దగ్గర కాదు, బుట్ట దగ్గర. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ ఈపీఎఫ్‌వో 2015 ఆగస్టు నుంచి తన కొత్త జమల్లో కొంత భాగాన్ని ఈటీఎఫ్‌లలో పెడుతోంది. ఆ డబ్బుతో పుట్టే యూనిట్ల కోసం నిజమైన షేర్లు కొనాల్సి వస్తుంది కాబట్టి గిరాకీ బుట్టలోని కంపెనీల మీదికి పారిపోతుంది. తలుపు తెరిచి ఉంటే గిరాకీ కిందికి దిగిపోతుంది, మూసి ఉంటే యూనిట్ దగ్గరే నిలిచిపోతుంది. విదేశీ ఈటీఎఫ్‌లలో ఎంతమంది ఎగబడినా అమెరికాలో ఒక్క షేరు కూడా కదలదు. ఆ తాకిడంతా ఇక్కడున్న పాత యూనిట్ల మీదే పడుతుంది.

దాళ్వా (రబీ) కోతలయ్యాక డెల్టాలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ సార్వాకు (ఖరీఫ్‌కు) వదులుతారు. ఆ మధ్య రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఏ టీ కొట్టు దగ్గరైనా ఒకటే మాట: "కాలువలు ఎప్పుడు వదులుతారంట?" దానికి ఏటా ఒక తేదీ ప్రకటిస్తారు. విదేశీ పెట్టుబడి హద్దుకు అలాంటి తేదీ ఏదీ లేదు. 100 రూపాయల బుట్టకు 115 పెట్టి కొన్న యూనిట్‌లో ఆ పై 15 రూపాయలూ అమెరికా కంపెనీల మీద పెట్టినవి కావు, ఆ తేదీ మీద కాసిన పందెం.